చెరిగిన బియ్యమే చెరిగిన అవ్వ

పోయిన గురువారం, సాయంత్రం నాలుగుంబావుకు, ఈ జ్ఞాపకం నన్ను పట్టుకుంది. హన్మకొండలో మతి తప్పిన పెద్దవాళ్లను పగటిపూట చూసుకునే ఒక సేవాసంస్థకు వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన తువ్వాళ్లు మడతపెడుతుంటే, ఓ అమ్మాయి వాటిని చాటుగా విప్పి మళ్లీ ఆయన ముందే పెడుతోంది. ఇది కొత్త పద్ధతి అని నాకు వివరించింది. కొత్తదేం కాదని చెప్పబోయి, ఆ పిల్ల ఉత్సాహం చూసి నవ్వేశాను.

1945లో నాకు ఎనిమిదేళ్లు. వరంగల్ గింజల బజారులో పదకొండు దుకాణాల వరుసలో మాది నాలుగోది. ఆ బజారులోనే నలభై ఏళ్లు కూలికి బియ్యం చెరిగి బతికిన ఒక అవ్వ ఉండేది. నా అన్నవాళ్లు ఎవరూ లేరు, చివరికి మతి కూడా తప్పి, తన గుడిసె ఎక్కడుందో మరిచిపోయి మా అరుగు మీదే పడుకునేది. దుకాణాలవాళ్లంతా వంతులు వేసుకుని అన్నం పెట్టబోయారు గానీ, విస్తరి ముందు పెడితే చాలు, అవ్వ లేచి నిలబడేది.

“ఉత్తగ తింటానా? నేనేమన్న బిచ్చపుదాన్నా? పని జెప్పు, అటెన్క బువ్వ పెట్టు.”

అలా రెండు రోజులు పస్తుండి మూడో రోజు మెట్ల మీద సొమ్మసిల్లింది.

ఉపాయం మా నాయనది. కుంచెడు బియ్యం, ఒక చేట ఇచ్చి కూర్చోబెట్టాడు. మధ్యాహ్నానికి అవ్వ వాటిని ముత్యాల్లా చేసి ఇచ్చి, కూలి కింద కడుపునిండా తింది. మర్నాటికి ఆమెకు ఏదీ గుర్తుండదు కనుక, అవే బియ్యంలో అవే మట్టిబెడ్డలు నేను రాత్రికి రాత్రి కలిపేదాన్ని. అరవై కలిపితే అరవై ఏరి ఇచ్చేది. నన్ను మాత్రం రోజుకో పేరుతో పిలిచేది. పక్క దుకాణం పెదనాయనకు ఇదంతా పెద్ద వేళాకోళం. “ఇంకెన్నిమార్లు చెరిగిస్తవురా తమ్మీ, అరిగి నూకలైతయి!” అని మా నాయనను ఏడిపించేవాడు.

ఒకరోజు నాయన ఊళ్లో లేడు. మా మేనమామ దుకాణంలో కూర్చున్నాడు. తొర్రూరు నుంచి పెళ్లి సరుకులకు వచ్చిన ఒక రైతు అవ్వ చెరిగిన బియ్యం చూసి ముచ్చటపడితే, మామ సంగతి తెలియక సంతోషంగా అమ్మేశాడు. మర్నాటికీ నాయన రాలేదు, అవ్వ పని అడిగేసరికి నేను ఏడుపు మొదలుపెట్టాను. మామ కంగారుపడి ఇంకో కుంచెడు బియ్యం తీసి, ఆమె కళ్లముందే బెడ్డలు కలిపాడు.

“తినే బియ్యంల మన్ను గల్పుతాన్నవా? నీ చేతులిరగ!”

చేట నేలకేసి కొట్టి, ఖాళీ కడుపుతో స్టేషన్ వైపు నడిచింది. మామ బతిమాలాడు, నేను కొంగు పట్టుకున్నాను, విదిలించుకుంది. అప్పుడు, వేళాకోళం చేసే ఆ పెదనాయనే పరుగెత్తి అడ్డం నిలబడ్డాడు.

“అవ్వా, జర ఆగు. నా దుకాణంల గింజలన్ని కల్సిపోయినయి. నీ చెయ్యి లేక ఆగమైతాన్న.”

అబద్ధం కాదు. బస్తాల నుంచి రాలిన జొన్నలు, పెసలు, కందులు, వడ్లు ఊడ్చిన పోగు అక్కడే ఉంది. రోజూ దాన్ని పావురాలకు పారబోసేవాళ్లు. అవ్వ ఆ పోగును చూసింది, మమ్మల్ని చూసింది. “సోమరిపోతుల్లారా, నేను లేకుంటె మీ బజారు ఏమైతుండెనో!” అని తిడుతూ కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు నాలుగు కుప్పలు వేరుచేసి, అన్నం తిన్నది.

మర్నాటి నుంచి పదకొండు దుకాణాల్లోనూ ఊడ్చిన గింజలు మా అరుగుకే వచ్చేవి. ఏరిన గింజలు వండితే నలుగురికి సరిపోవడం చూసి, మతి నిలవని మరో ఇద్దరు ముసలమ్మలను, ఒక తాతను కూడా చేర్చారు. ఆ తాత, ఏరిన కుప్పల్ని మళ్లీ కలిపేసేవాడు. అవ్వ చేట పట్టుకుని తరిమేది. నా ఉద్యోగం ఆయన లాక్కున్నాడని నాకు కొన్నాళ్లు కోపం. ఆ ఏర్పాటుకు పేరూ లేదు, బోర్డూ లేదు, నాలుగేళ్లు సాగింది. 1949 చలికాలంలో అవ్వ చేట ఒళ్లో పెట్టుకునే కన్నుమూసింది, ఆ పూట కూలి తిన్నాకే.

ఇప్పటి సంస్థల్లో డాక్టరు వస్తాడు, మందులుంటాయి, మెత్తటి పరుపులుంటాయి. అవేవీ మా అవ్వకు దొరకలేదు. అయినా లెక్క లెక్కే కదా. పోయినవి ఇవి: దుకాణాలు పదకొండు, అరుగు ఒకటి, దాని ముందు చెదిరిపడ్డ గింజలు, “అవ్వా, పనున్నది, జల్ది రా” అని కేకేసే బజారు.