నాగమ్మ మెడలోని బీగం చెవి

పొద్దున ఏడుంబావుకు ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సెక్కాము. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఎండాకాలం. నేను శానిటరీ ఇన్‌స్పెక్టరును. మతి చలించినవాళ్లను ఉంచుకునే ఇంటికి లైసెన్సు, అంటే సర్కారు అనుమతి, తప్పనిసరి. జమ్మలమడుగులో అలాంటి ఇల్లు నడిపే హుసేన్ సాబ్ దానికి అర్జీ పెట్టుకున్నాడు. ఇల్లు చూసి సిఫారసు చేయవలసినవారు నాతో వచ్చిన డాక్టరు గారు.

ఊరి చివర పొడవాటి వసారా. ఒక్కో స్తంభానికి ఒక మనిషి, కాలికి గొలుసు. ప్రతి రోగి పక్కనా సొంతమనిషి ఒకరు చాప పరుచుకుని ఉన్నారు. తోడు లేని రోగిని సాబ్ చేర్చుకోడు. గొలుసు ఆయనది, దాని బీగం చెవి తోడు వచ్చినవాళ్లది. దాన్ని వాళ్లు తాడుకు కట్టి మెడలో వేసుకునేవాళ్లు.

డాక్టరు గారు గొలుసులు తీసెయ్యమన్నారు. అది న్యాయమే. బదులుగా తలుపులున్న గదులు కట్టాలి, వాటి బీగం చెవులన్నీ సాబ్ దగ్గరే ఉండాలి, రాత్రి బయటివాళ్లు లోపల ఉండకూడదు అన్నారు. సింహాద్రిపురం నుంచి కొడుకు ఓబులేసును తెచ్చిన నాగమ్మ లేచి నిలబడింది.

"రెయ్యి వాడు లేస్తాడప్పా. బీగం తీసి వాకిట్లో నాలుగు తూర్లు తిప్పితే మళ్లా పండుకుంటాడు. మీ గదిలో ఎవరు తిప్పుతారు?"

సాబ్ చూసుకుంటాడన్నారు డాక్టరు గారు.

"ఈయప్పకు పండుకుంటే పిడుగు పడినా మెలకువ రాదు" అంది ఆమె. సాబ్ నవ్వాడే గాని కాదనలేదు.

లైసెన్సు రాకపోతే ఇల్లు మూసెయ్యాలి. అప్పుడు కొడుకును మళ్లీ పశువుల కొట్టంలో కట్టెయ్యడమే ఆమెకు మిగిలిన దారి. అందుకే ఒప్పుకుంది.

వానలు మొదలయ్యాక మళ్లీ వెళ్లాము. గదులకు సున్నం కొట్టి ఉంది. కిటికీలు, పాయిఖానా అన్నీ మేము చెప్పినట్టే ఉన్నాయి. ఒక గది తలుపు మీద లోపలివైపు గోకిన గీతలు, ఎండిన నెత్తురు. ఓబులేసు రాత్రిళ్లు తలుపు కొట్టేవాడట. చేతులు పుండ్లు పడి, జ్వరం వచ్చి, వారం కిందట పోయాడని సాబ్ తల వంచుకుని చెప్పాడు.

కొడుకు దుప్పటి తీసుకుపోవడానికి వచ్చిన నాగమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. పాత చెవి ఇంకా మెడలోనే ఉంది. డాక్టరు గారు దాని వంక చూశారు.

"దీనికి ఇంగ బీగం లేదప్పా. పారేద్దామంటే చెయ్యి రాలా."

డాక్టరు గారు లైసెన్సుకు సిఫారసు రాశారు. రాత్రి ఒక సొంతమనిషిని లోపల ఉండనివ్వాలని కింద ఒక వాక్యం చేర్చారు. లైసెన్సు వచ్చింది. ఆ వాక్యానికి జవాబు రాలేదు.

తర్వాత అలాంటి ఇళ్లు పులివెందులలోనూ చూశాను. గోడలు, కిటికీలు తర్వాత. రాత్రి రోగి లేస్తే తలుపు తీసేదెవరని ముందు అడిగేవాణ్ణి.

జమ్మలమడుగు ఇంట్లో ఇప్పుడు ఎవరినీ గొలుసుతో కట్టరు. రోగి పక్కన ఎవరూ చాప పరుచుకోరు.