చావుకు దాచుకున్నది

కాలిపా ఇంట్లో కిటికీ కింద ఒక చెక్కపెట్టె ఉండేది. రేకుపట్టీలు కొట్టిన పెట్టె. తాళంచెవి ఆమె మెడలోనే వేలాడేది. అందులో ఏముందో మా అట్-బాషీ ఊళ్ళో అందరికీ తెలుసు, ఎందుకంటే నలభై దాటిన ప్రతి ఆడదాని ఇంట్లోనూ అవే ఉంటాయి. పోయిన రోజున చుట్టడానికి తెల్లబట్ట, వచ్చినవాళ్ళకు ముక్కలు చించి పంచడానికి మఖమల్ తానులు, స్నానం చేయించే ఆడవాళ్ళకు ఇవ్వడానికి తలగుడ్డలు, సబ్బులు, టీ పొట్లాలు. టీకని వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మాటల్లో పడి ఆ పెట్టెను మోకాలితో ఓసారి నెట్టి చూసేవాళ్ళు. కదిలిందంటే ఆ ఇంటి మర్యాద పోయినట్టే. కాలిపా పెట్టె కదిలేది కాదు. మొగుడూ పిల్లలూ లేని ఆ మనిషి ఊళ్ళో తలెత్తుకు తిరిగిందంటే ఆ పెట్టె బరువు వల్లే.

పెట్టె కాక ఒక గుర్రం. బూడిదరంగు ఆడగుర్రం, నుదుట తెల్లమచ్చ. మరిది తుర్దుబెక్ మందలో మేసేది. మనిషి పోతే గుర్రం తెగాలి మావాళ్ళకు. గొర్రెతో సరిపెట్టారంటే మనవల కాలం దాకా చెప్పుకుని నవ్వుతారు. మొగుడు పోయినప్పుడు కాలిపా అప్పు చేసి గుర్రం కోయించింది. ఆ అప్పు తీర్చేసరికి ఆమెకు సగం జుట్టు నెరిసింది. తన చావు ఇంకొకరి నెత్తిన పడకూడదని ఒక గుర్రప్పిల్లను కొని మరిదికి అప్పగించింది. దాని పాలు మరిదివి, అది ఈనిన పిల్లలూ మరిదివే. తల్లి మాత్రం కాలిపా చావుది. అలా అని ఒప్పందం.

బతుకుతెరువు పశువుల సంత పక్కన టీకొట్టులో. పిండి పిసికి, సాగదీసి, దారాల్లా చేసి ఉడకేసే పని. అందులోనే ఆమె వయసంతా పోయింది. కొట్టు యజమాని సాపర్ నోరు మంచిదే. "నీ పింఛను డబ్బు నెలనెలా కట్టేస్తున్నానక్కా, నువ్వు నిశ్చింతగా ఉండు" అనేవాడు. ఈమె నిశ్చింతగానే ఉంది, పిచ్చి మనిషి. మణికట్లు వాచి పిండి సాగదీయడం కష్టమవుతున్న ఏడు పింఛను ఆఫీసుకు వెళ్తే, సాపర్ పైసా కట్టలేదని తేలింది. పాతకాలం సామూహిక పొలంలో చేసిన నాలుగేళ్ళే లెక్కకు వచ్చాయి. దానికొచ్చే పింఛనుతో బొగ్గు కొంటే పిండి ఉండదు, పిండి కొంటే బొగ్గు ఉండదు. మా ఊరి చలికాలంలో బొగ్గు లేకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. సాపర్ అప్పటికే కొట్టు అమ్ముకుని పట్నం చేరాడు. కొత్త యజమాని పనిలో ఉండమన్నాడు కానీ, పాత బాకీతో తనకేం సంబంధమన్నాడు. నిజమే, వాడికేం సంబంధం.

ఆ వసంతంలోనే నరీన్ ఊరి నుంచి నూర్జామల్ అనే అమ్మాయి వచ్చి క్లబ్బు గదిలో ఆడవాళ్ళకు పాఠాలు మొదలుపెట్టింది, డబ్బు దాచుకోవడం గురించి. టీ, మిఠాయి ఉచితమంటే అందరూ వెళ్ళారు, కాలిపా కూడా. చేతిలో డబ్బు పడగానే ముందు కొంత పక్కన పెట్టాలనీ, మిగిలినదే ఖర్చు పెట్టాలనీ చెప్పిందా అమ్మాయి. మనం చేసేది దానికి తలకిందులు, అంతా ఖర్చయ్యాక మిగిలితే కదా దాచడం. ఇంట్లో ఊరికే పడున్న డబ్బును ధరలు తినేస్తాయంది. బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది, ఆ వడ్డీ తీయకుండా ఉంచితే దానికీ వడ్డీ పుడుతుంది, అందుకే ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదంది. ఉన్నదంతా ఒకేచోట పెట్టొద్దనీ చెప్పింది. ఆడవాళ్ళు మిఠాయి నములుతూ తలలూపారు.

రెండోవారం ఆ పిల్ల నల్లబల్ల మీద ఒక గీత గీసింది. ఒక కొస పక్కన చేతులు పనిచేయడం ఆగిన రోజు అని రాసింది, రెండో కొస పక్కన పోయే రోజు అని.

"ఈ మధ్యలో ఎన్నేళ్ళుంటాయి? ఈ మధ్యకు ఎవరెవరు ఎంత దాచారు?" అని అడిగింది.

కాలిపాకు వాళ్ళమ్మ గుర్తొచ్చింది. అన్న ఇంట్లో పొయ్యి వెనక మూల పడుకుని, కోడలికి విసుగు తెప్పించకూడదని దాహమేసినా అడగకుండా ఏళ్ళతరబడి బతికింది ఆ తల్లి. పోయిన రోజున మాత్రం బలిసిన గుర్రాన్ని కోశారు. ఊరు ఊరంతా తిని చేతులు తుడుచుకుంది.

"నేను రెండో కొసకు దాచానమ్మా" అంది కాలిపా. "పెట్టె నిండా ఉంది. గుర్రముంది. మధ్యకు మాత్రం చెంచాడు కూడా లేదు."

కొందరు నవ్వబోయి ఆగిపోయారు. వాళ్ళదీ అదే సంగతి మరి. పాఠం అయ్యాక నూర్జామల్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చెప్పింది. గుర్రం అమ్మి సగం బ్యాంకులో వెయ్యాలి. మిగతా సగంతో ఒక పాడి ఆవును కొనాలి. పాలు అమ్ముకుంటే పిండికి సరిపోతాయి, పింఛను బొగ్గుకు పోతుంది, వడ్డీ పెరుగుతూ ఉంటుంది. పెద్ద బతుకేమీ కాదు, కానీ ఒకరి పొయ్యి వెనక పడుకోనక్కర్లేని బతుకు. కాలిపా ఆ లెక్కను నోటికి నేర్చుకుంది. పిండి పిసుకుతూ దాన్నే అనుకునేది.

మరిది దగ్గరికి వెళ్ళి చెప్తే తుర్దుబెక్ తల అడ్డంగా ఊపాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే మావాడు.

"వదినా, ఆ గుర్రం నీది కాదు, నీ చావుది" అన్నాడు. "రేపు నువ్వు పోతే జనం నా మొహాన ఉమ్మేస్తారు."

"నేను పోవడానికి ఇంకా టైముంది తుర్దుబెక్. అదే నా బాధ."

అతను గొణిగాడు, గడ్డం గోక్కున్నాడు, పెళ్ళాం వంక చూశాడు, ఆఖరికి ఒప్పుకున్నాడు. కానీ ఇప్పుడొద్దన్నాడు. చలికాలం తిండిలేక గుర్రానికి ఎముకలు తేలాయి, ఇప్పుడు అమ్మితే సగం ధర కూడా రాదు, కొండ మీది గడ్డికి కొవ్వు పట్టాక శరత్కాలంలో అమ్ముదామన్నాడు. పశువులున్న ఏ మనిషైనా అదే అంటాడు. కాలిపా సరేనంది. నూర్జామల్ కూడా సరేనంది, ఆ పిల్లా కాపరి బిడ్డే కదా. బక్క గుర్రాన్ని అమ్ముకోమని మాలో ఎవరి నోరూ చెప్పదు. అక్కడే చెడింది వ్యవహారం.

ఆ వేసవంతా కాలిపా మనసు గాల్లో ఉంది. ఆవుకని ఇంటి వెనక కొట్టం సర్దించింది. మణికట్లకు గుడ్డ చుట్టుకుని పిండి సాగదీసింది. వేసవి ముగిసి శరత్కాలం మొదలవగానే తుర్దుబెక్ గుర్రాన్ని కొండ మీంచి దించుకొచ్చాడు, ఆదివారం సంతకని. చూడ్డానికి వెళ్ళి దాని వీపు మీద చెయ్యి వేస్తే వేళ్ళు కొవ్వులో దిగాయి. ఇంత బాగుంటుందని ఆమె కూడా అనుకోలేదు.

శుక్రవారం తెల్లవారుజామున కుటుంబంలో పెద్దవాడు, బావగారు ఎసెన్‌కుల్ పోయాడు. నమాజుకు లేచి, చెయ్యి కడుక్కుంటూ కూలబడ్డాడు. పాపం, మంచివాడే. పొద్దెక్కాక కబురందగానే కాలిపా తెల్ల తలగుడ్డ కట్టుకుని పరుగున వెళ్ళింది. వాకిట్లో గుడారం లేచింది, మొగవాళ్ళు బయట కర్రల మీద ఆనుకుని ఏడుస్తున్నారు, పొయ్యిల మీద పెద్ద పెద్ద బానలెక్కాయి. గుడారంలోకి అడుగుపెట్టబోతూ ఆమె కంచె వైపు చూసింది. కంచె మీద తోలు ఆరేసి ఉంది. బూడిదరంగు తోలు, నుదుట తెల్లమచ్చ.

ఆమెను ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచనే లేదు. కుటుంబంలోని గుర్రాలన్నీ పై మేతల్లో ఉన్నాయి, దించాలంటే రెండు రోజులు. కొవ్వు పట్టి కిందున్నది అదొక్కటే. అమ్మడానికని కిందికి దించబట్టే అది చేతికందింది. లేకపోతే ఇంకోటేదో కోసేవాళ్ళు.

గుడారంలో ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చుని రాగాలు తీస్తున్నారు. వాళ్ళ మధ్య కూర్చుని కాలిపా గొంతెత్తింది. ఆ ఏడుపు విన్నవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. వాకిట్లో మొగవాళ్ళు మాటలాపేశారు. నన్ను ఒంటిదాన్ని చేశావే, చలికాలం ముంచుకొస్తుంటే విడిచిపోయావే, నీమీద పెట్టుకున్న ఆశంతా మట్టి చేశావే అని ఆమె గుండెలు బాదుకుంటుంటే, తోడబుట్టిన చెల్లెళ్ళు కూడా ఇంతలా ఏడవలేదని ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. ఆమె ఎవరి కోసం ఏడ్చిందో తుర్దుబెక్‌కు తెలుసు. అతను గుడారం వైపు తలెత్తి చూడలేదు.

మట్టి ఇచ్చొచ్చాక వడ్డించారు. ఇంట్లో వయసున్న కోడలు కనక ఆమె ముందు మంచి ముక్కే పెట్టారు, తుంటి ఎముక, దాని మీద పచ్చటి కొవ్వు. కాలిపా దాన్ని చూస్తూ కూర్చుంది. అప్పుడు తుర్దుబెక్ లోపలికొచ్చి అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వదినా, కుటుంబం పరువు కాపాడావు. రొట్టె మీద ఒట్టు, నువ్వు పోయిన రోజున నా మందలో మేటి గుర్రాన్ని కోస్తాను. నీ చావుకు ఏ లోటూ రానివ్వం."

చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు.

"చచ్చాక సరే" అంది కాలిపా నెమ్మదిగా. "అప్పటిదాకా?"

ఒక ముసలమ్మ అల్లా ఉన్నాడు తల్లీ అంది. ఎవరో ఆమె గిన్నెలో టీ పోశారు. వెళ్ళేటప్పుడు అందరికీ ఇచ్చినట్టే ఆమెకూ సంచిలో మాంసం కట్టిచ్చారు. ఆమె ముసలితనం అంతా కలిపి ఆ సంచిలో ఓ మూలకు వచ్చింది. కాలిపా దాన్ని పారెయ్యలేదు. ఉప్పు వేసి ఎండబెట్టి తిన్నది. ఆకలికి రోషం ఉండదు.

సోమవారం మళ్ళీ పిండి దగ్గరికి. ఆ నెల్లోనే ఒక మధ్యాహ్నం తలుపు గడియ వేసుకుని పెట్టె తెరిచింది. పోయాక చుట్టడానికి తెల్లబట్ట ఒక్కటి పక్కన పెట్టుకుంది. మఖమల్ తానులు, తలగుడ్డలు, సబ్బులు, టీ పొట్లాలు అన్నీ మూటగట్టి, తనను ఎరిగినవాళ్ళు లేని నరీన్ బజారుకు తీసుకెళ్ళి అమ్మేసింది. మఖమల్‌కు అక్కడక్కడా చిమ్మెట పట్టింది, అడిగిన ధర రాలేదు. వచ్చింది పట్టుకుని నేరుగా బ్యాంకుకు వెళ్ళింది. గుర్రం ధరలో పదోవంతు కూడా కాదు. ఆవు మాట ఇక లేదు.

కౌంటరులోని కుర్రవాడు వివరాలు రాసుకుంటూ, మీ తర్వాత ఈ డబ్బు ఎవరికి చెందాలి పెద్దమ్మా అని అడిగాడు.

"ఎవరికీ వద్దు బాబూ. ఇది నేను బతకడానికి."

ఇంటికొచ్చి ఏటి ఒడ్డు నుంచి రాళ్ళు ఏరుకొచ్చింది. వాచిన చేతులతో ఒక్కో రాయీ పాత కంబళి ముక్కలో చుట్టి పెట్టెలో పేర్చి తాళం వేసింది. ఆడవాళ్ళు ఇప్పటికీ టీకి వస్తారు, మాటల్లో పడి మోకాలితో నెట్టి చూస్తారు. పెట్టె కదలదు. కాలిపా మంచి ముందుచూపున్న మనిషని మెచ్చుకుంటూ వెళ్తారు. తను పోయిన రోజున తాళం తీసి అందరూ నోటికొచ్చినట్టు తిడతారని ఆమెకు తెలుసు. తిట్టుకోనీ అనుకుని, పొయ్యిలో ఇంకో బొగ్గు వేద్దామా వద్దా అని ఆలోచిస్తూ కూర్చుంటుంది.