కొత్తది కరుస్తది

నర్సింగం ఏ కొత్త వస్తువునూ కొత్తగా వాడనివ్వడు. తన సొంత వస్తువైతే ఎవరూ అడ్డురారు. ఆయన పట్టింపంతా ఎదుటివాళ్ళ వస్తువుల మీదే. చెప్పులు కానీ, స్కూటర్ కానీ, చివరికి చీపురు కానీ, ముందు ఆయన చేతిలోనో కాలికిందో నలిగి, బుద్ధి తెచ్చుకుని, ఆ తర్వాతే అసలు యజమానిని చేరాలి.

సూరత్‌లో లింబాయత్ వైపు ఉండే తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలియనిది పాపం డాక్టర్ సుమనకే. హన్మకొండ నుంచి ఆస్పత్రి ఉద్యోగానికి వచ్చి, నర్సింగం ఇంటి మేడమీద గదిలో అద్దెకు దిగిన మూడోరోజునే కొత్త సాండిల్స్ కొనుక్కుని మెట్ల దగ్గర విడిచింది. తెల్లారి చూస్తే లేవు. కుక్క ఎత్తుకుపోయిందేమోనని వీధిలోకి పరుగెత్తింది. మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీ, యాభై ఎనిమిదేళ్ళ నర్సింగం, మీసం దువ్వుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, ఆమె గులాబీరంగు సాండిల్స్‌లో టకటకా డ్యూటీకి పోతున్నాడు. మడమలు రెండేసి అంగుళాలు వెనక్కి వేలాడుతున్నాయి.

"కాకా! అవి నావి!"

"ఎరుకే బిడ్డా. కొత్తది కరుస్తది. వారం దినాలు నేను తొడుగుత, మెత్తవడ్డంక నువ్వు తొడుక్కో."

"కార్ఖానాల అందరు నవ్వరా?"

"నవ్వితె పుండ్లయితయా? చెప్పు కరిస్తె అయితయ్."

వారం తర్వాత సాండిల్స్ తుడిచి మెట్ల మీదికే వచ్చాయి. సుమన కాలికి పుట్టుకతో వచ్చినంత హాయిగా ఉన్నాయి. నర్సింగం కాళ్ళకు మాత్రం నాలుగుచోట్ల బొబ్బలు. వాటికి పట్టీలు వేసింది సుమనే.

"గిదేం జూసినవ్ బిడ్డా," అంది ఆయన భార్య ఎల్లవ్వ. "నా పెండ్లిచీర సుత ముందుగాల ఈయనే కట్టుకుంటడేమోనని పెట్టెకు తాళమేసుకున్న."

ఎల్లవ్వ భయంలో అతిశయోక్తి లేదు. టిఫిన్ సెంటర్ పరమేశ్ కొత్త స్కూటర్ కొంటే, ఇంజన్ 'ఫ్రీ' చేస్తానని నర్సింగం పదిరోజులు వరసగా దూరాన ఉన్న కిమ్ ఊరి దాకా పోయివచ్చాడు. స్కూటర్ వెన్నలా తయారైంది. ఆ పదిరోజులూ పరమేశ్ ఇడ్లీలు సైకిల్ మీద మోశాడు. ఇక కార్ఖానాలో నరహరి కట్టుడుపళ్ళు పెట్టించుకున్న రోజున, "జర రెండు దినాలు ఇటియ్యి, నమిలి ఇస్త," అని నర్సింగం చెయ్యి చాపాడు. ఆ ఒక్కసారి మాత్రం సుమన డాక్టరుగా అడ్డుపడి, నరహరి నోరు నరహరికే దక్కేలా చేసింది.

ఇలాంటి మనిషి చేతికి డిస్క్ గోల్ఫ్ దొరికింది.

సుమన రాకముందే, నాలుగైదేళ్ళ కిందట దాన్ని తెచ్చినవాడు ఉమాకాంత్, ఐటీ కుర్రాడు. గోల్ఫ్ లాంటి ఆటే. బంతికి బదులు పళ్ళెం లాంటి ప్లాస్టిక్ డిస్కు, గుంటకు బదులు గొలుసులు వేలాడే బుట్ట. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాడిది గెలుపు. నర్సింగం పాత మగ్గం బీముల ఇనపచక్రాలకు సైకిల్ చైన్లు వేలాడదీసి తొమ్మిది బుట్టలు తయారుచేశాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే వాటిని టెంపోలో వేసుకుని డుమస్ సముద్రం ఒడ్డుకు పోవడం, ఆడటం, టమాటా భజియాలు తినడం.

తొమ్మిదో బుట్ట దగ్గరే సుమన ప్రాణానికి వచ్చింది. అది ఖాడీకి అవతలి గట్టున ఉంటుంది. సముద్రపు నీళ్ళు వచ్చిపోయే ఆ పాయ ఎదురుగా చూస్తే ఇరుకే కానీ, ఎడమ చేతివైపు పోయేకొద్దీ వెడల్పు. సుమన డిస్కు ఎంత తిన్నగా విసిరినా సగం దూరంలో ఎడమకు తిరిగి బురదలో దూకేది. ఎవరి డిస్కు పడితే వాళ్ళే దిగి వెతుక్కోవాలని నియమం. ఏడాదిగా ప్రతి ఆదివారం మోకాలిలోతు నల్లబురదలో వల కట్టిన కర్రలతో దేవులాడేది ఇద్దరే ఇద్దరు: సుమన, నర్సింగం. ఆయన డిస్కూ ఎడమకే పోయేది మరి. అవతలి గట్టున మిగతావాళ్ళు భజియాలు తింటూ ఓపిగ్గా ఎదురుచూసేవారు.

కిమ్ నుంచి వచ్చే జట్టుతో పోటీకి పదిహేను రోజులుంది. "ఈసారి మీ డాక్టరక్కకు గమ్‌బూట్లు తెండి," అని కిమ్ వాళ్ళు కబురుపెట్టారు. అదైనా నయం. "ఏం పర్వాలేదు మేడం, మీరు దాటకపోయినా మేం సర్దుకుంటాం," అన్నాడు ఉమాకాంత్. ఆ మర్యాద సుమనకు తేలు కుట్టినట్టైంది. ఈసారి ఖాడీ దాటకపోతే ఇక ఆదివారాలు మంచం మీదే అని ఒట్టు పెట్టుకుంది. దూరం పోవడానికి వాడే పదునంచు డిస్కును డ్రైవర్ అంటారు. అందులో అన్నిటికంటే ఖరీదైనది, పసుపుపచ్చది, గాజులా మెరిసేది తెప్పించింది. పార్సిల్ విప్పి, మొహం కడుక్కుని వచ్చేలోపు బల్లమీద డిస్కు లేదు.

"కాకా! ఈసారి వద్దు! పదిహేను రోజులే ఉంది!"

"కొత్తది కరుస్తది బిడ్డా."

"డిస్కు ఎట్ల కరుస్తది?"

నర్సింగం డిస్కు అంచును, నూలు పోగును చూసినట్టు, బొటనవేలితో తడిమాడు. "కొత్త డ్రైవరుకు ఎడమపిచ్చి ఉంటది. ఎంత బలంగ కొడితె అంత తిన్నగ పోతది, చెయ్యి మెత్తగుంటె జల్ది మళ్ళుతది. చెట్లకు, నేలకు తాకి తాకి అరిగినంక ఆ పిచ్చి పోతది. మెల్లగ విసిరినా తిన్నగ పోతది."

"మరి పరమేశ్ అన్న డిస్కు మొన్న కుడికి పోయి బర్రె మీద పడ్డది?"

"అది మెత్త ప్లాస్టిక్. మెత్తదానికి రెండు నెలల్ల బుద్ధొస్తది, ఆరు నెలల్ల మతి పోతది. పైంగ ఎండల స్కూటర్ డిక్కీల పెట్టిండు, అప్పడం అయింది. నీది గాజు ప్లాస్టిక్, మొండిది. బుద్ధి రానీకె ఏండ్లు పడతయ్. వచ్చిందంటె మాత్రం పోదు."

"ఏండ్లా? గోడకు రాస్తే అయిపాయె కదా!"

నర్సింగం, గుళ్ళో చెప్పులతో తిరిగినవాళ్ళను చూసినట్టు చూశాడు. "రాసి అరగదీస్తె దొంగాట. రూల్ ఒప్పుకోదు. విసిరితెనే అరగాలె."

మర్నాటి నుంచి విసరడం మొదలుపెట్టాడు. తెల్లవారి అయిదింటికి, ఇంటి ముందు నుంచి కార్ఖానా వెనక్కి పోయే సందులో రెండు వందల విసుర్లు. గాజు ప్లాస్టిక్ తన మొండితనం చూపించింది. మొదటిరోజు ఎడమవైపున్న నీళ్ళ ట్యాంకు మోగింది. రెండోరోజు ఎడమవైపు డాబా మీద ఎవరో ఆరేసిన బనీను కిందికి వచ్చింది. మూడోరోజుకల్లా సందులో ఎడమవైపు ఇళ్ళవాళ్ళంతా కిటికీలు మూసుకున్నారు. కుడివైపు వాళ్ళు మాత్రం చాయ్ గ్లాసులతో అరుగుల మీద కూర్చుని చూసేవారు. సుమన రోజూ మేడమీంచి తన డిస్కు దెబ్బలు తినడం చూసి పళ్ళు నూరుకునేది. అడిగితే ఒకటే మాట: "పోటీ దినం నీ సంచిల ఉంటది, ఫికర్ చెయ్యకు."

పోటీ నాడు తొమ్మిదో బుట్ట దగ్గరికి వచ్చేసరికి కిమ్ వాళ్ళు ఆట ముగించేశారు. మనవాళ్ళలో నర్సింగం, సుమన మిగిలారు. ముందు నర్సింగం వచ్చి సంచిలోంచి డిస్కు తీశాడు. పసుపుపచ్చది. గాజులా మెరిసేది.

"అది నాది!" అని సుమన కేకవేసేలోపే ఆయన విసిరేశాడు. డిస్కు సగం దూరం ఠీవిగా పోయి, ఎడమకు తిరిగి, బురదలో మునిగింది. కిమ్ వాళ్ళు ఈల వేశారు.

"కాక విసురు బురదలో పోయింది, ఇక ఆయనది లెక్కలోకి రాదు," అన్నాడు ఉమాకాంత్ దిగులుగా. "ఇప్పుడు మీరు మూడు విసుర్లలో వేస్తేనే గెలుస్తాం మేడం. ఏం పర్వాలేదు..."

"ఆ మాట ఇంకోసారి అన్నవంటే నిన్నే విసురుత!" అని సుమన తన సంచి విప్పింది. అందులో ఒక డ్రైవర్ ఉంది. అదే రకం, అదే పసుపు, కానీ వెలిసిపోయి, అంచంతా గాట్లు పడి, ముసలి తాబేలు చిప్పలా ఉంది. కొత్తది బురదలో, పాతది చేతిలో! కోపంతో ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి. గురి లేదు, ఊపిరి బిగబట్టడం లేదు. వదిలించుకుంటే చాలన్నట్టు విసిరింది.

డిస్కు కొంచెం కుడికి ఒరిగింది. ఖాడీ నడిమధ్యలో, దారి గుర్తొచ్చినట్టు, నెమ్మదిగా తిన్నగా సర్దుకుంది. అలా పోతూనే ఉంది. అవతలి గట్టు మీద, బుట్టకు పది అడుగుల దూరంలో వాలింది.

ఈలలు ఆగిపోయాయి. రెండో విసురుకు గొలుసులు గలగలలాడాయి. మనవాళ్ళు గెలిచారు. పరమేశ్ పరుగున భజియాల బండి దగ్గరికి పోయి, డబ్బులు కిమ్ వాళ్ళవని చెప్పి మరీ ఆర్డరిచ్చాడు.

"ఎవరిదిది?" అంది సుమన, చేతిలో పాత డిస్కు తిప్పి చూస్తూ.

"కాకది," అన్నాడు ఉమాకాంత్. "నాదీ, పరమేశ్‌దీ, అందరి గాజు డ్రైవర్లూ ఏళ్ళ తరబడి విసిరి మంచి చేసిచ్చింది కాకే. అందుకే ఆయన చేతిలో ఎప్పుడూ ఎవరిదో ఒక కొత్తది ఉంటుంది, అందుకే ఎప్పుడూ బురద. ఇదొక్కటే మూడేళ్ళు విసిరి తనకోసం దాచుకున్నాడు. రిటైరయినంక దీంతో ఖాడీ దాటిస్తా అనేవాడు."

సుమన వెనక్కి చూసింది. నర్సింగం అప్పటికే ప్యాంటు మడిచి, వలకర్రతో బురదలో ఉన్నాడు. ఏడాదిగా తనతోపాటు నవ్వులపాలైన మనిషిని ఆమె మొదటిసారి సరిగ్గా చూసింది. ఇవతలికి వచ్చి, తానూ దిగింది.

"నువ్వెందుకు దిగినవ్ బిడ్డా? నీది దాటింది గద!"

"దాటింది మీది కాకా. నాది ఇక్కడే ఉంది," అంది సుమన. ఇద్దరూ అరగంట దేవులాడి దాన్ని పట్టుకున్నారు. దానికి ఇంకా రెండేళ్ళ బుద్ధి బాకీ ఉందని నర్సింగం తేల్చాడు.

ఆ తర్వాతి సోమవారం ఎల్లవ్వ మొగుడికి కొత్త తోలుచెప్పులు కొన్నది. మంగళవారం పొద్దున డ్యూటీకి బయల్దేరిన నర్సింగానికి మెట్ల దగ్గర అవి కనబడలేదు. వీధిలోకి వచ్చి చూశాడు. తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపుతో, డాక్టర్ సుమన ఆస్పత్రికి పోతోంది. పదో నంబరు మగచెప్పులు ఆమె కాళ్ళకింద ఫటఫటా కొట్టుకుంటున్నాయి. కుడివైపు అరుగుల వాళ్ళు చాయ్ తాగడం మానేసి చూస్తున్నారు.

"డాక్టరమ్మా! అవి నావి!"

"ఎరుకే కాకా. కొత్తది కరుస్తది. వారం దినాలు నేను తొడుగుత."

నర్సింగం టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని, వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు.

"మడమ కాడ జర గట్టిగ తొక్కు బిడ్డా! ఆడనే కరుస్తది!"