దానిమ్మ రంగు సెలికా

దుబాయ్ నుంచి ఎవరో తెచ్చి వదిలేసిన పాత టయోటా సెలికా కారును ఎర్నెస్ట్ 1994లో కొన్నాడు. నాంపల్లిలో ఇంటి పక్క రేకుల కింద దాన్ని ఇటుకల మీద నిలబెట్టి, ఆఫీసు నుంచి రాగానే తుప్పు గీకేవాడు.

"తూకానికి అమ్ము బావా, ఇంటికి ఇనుప గేటన్నా వస్తది," అని బావమరిది జాబెజ్ అబిడ్స్ బస్టాపులో నలుగురి ముందూ నవ్వేవాడు. ఎర్నెస్ట్ నవ్వేవాడు కాదు.

ఏళ్లు గడిచి కారు కదిలింది. ఒలిచిన దానిమ్మ గింజ రంగు. వాన వెలిశాక వీధి దీపాలన్నీ దిగివచ్చి దాని మీద కూర్చునేవి. అప్పుడొచ్చాడు జాబెజ్, కూతురు జెర్లిన్ పెళ్లికి కారు అడగడానికి.

"ఇస్త. పూలు దారంతోనే కట్టాలె. టేపు అంటిస్తే రంగు లేస్తది."

"ఔ బావా, గంత ఫికరెందుకు?"

పెళ్లి పొద్దున జాబెజ్ ఇంటి ముందు కారు బానెట్ నిండా టేపుతో అంటించిన గులాబీలున్నాయి. ఎర్నెస్ట్ ఒక టేపు లాగితే వేలెడు రంగు ఊడొచ్చింది.

"పిల్ల కంటే రంగు ఎక్కువనా నీకు?" అన్నాడు జాబెజ్.

ఎర్నెస్ట్ కారెక్కి, పూలతో సహా వెళ్లిపోయాడు. అద్దంలో జెర్లిన్ తెల్లచీర చిన్నదవుతూ పోయింది. ఆమె ఆటోలో చర్చికి వెళ్లింది.

"కోపం మా తమ్ముని మీద. రోడ్డు మీద నిలబెట్టింది పిల్లను," అంది ఎర్నెస్ట్ భార్య జయమణి ఆ సాయంత్రం అతనితో.

వారం తిరక్కముందే అతను రంగు కలిపి, ఆ మచ్చ కనబడకుండా వేశాడు. జయమణి మాత్రం ఆదివారాలు చర్చికి బస్సులోనే వెళ్లేది.