ఘాటు రాని మిరపకాయలు

పక్కవాటాలో ఎవరో పసిబిడ్డకు దిష్టి తీసి ఉప్పూ మిరపకాయలూ నిప్పుల్లో వేసినట్టున్నారు. కిటికీలోంచి ఘాటు వచ్చింది. నాకు దగ్గు కంటే ముందు కోపం వస్తుంది. ఆ వెనకే కాంతమ్మ టీచరుగారు గుర్తుకొస్తారు.

పెళ్ళై ఏళ్ళు గడిచినా నాకు పిల్లలు లేరు. జగ్గయ్యపేటలో మా అత్తవారింట, ఆడపడుచు బిడ్డను ఒకసారి ముచ్చటపడి ఎత్తుకున్నాను. బిడ్డను దించి నేనింకా గడప దాటనేలేదు, మా అత్తగారు దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేశారు. "చూశావా, ఘాటే రాలా. ఎంత దిష్టి తగిలిందో!" అన్నారు కూతురితో, నాకు వినపడేలాగే. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని వాళ్ళ నమ్మకం. ఆ పాడు కళ్ళు నావేనట.

తర్వాత మావారి ఉద్యోగం వల్ల నందిగామలో కాపురం పెట్టాం. పక్కింట్లో కాంతమ్మగారు. మిషన్ స్కూల్లో టీచరు, ఆవిడకూ పిల్లలు లేరు. నా కథంతా విని ఓదార్చలేదు. "మీ అత్తగారు బూడిదలో వేసుంటారమ్మాయ్. నిప్పుంటే ఘాటెందుకు రాదూ?" అన్నారు. ఎన్నాళ్ళకో నవ్వాను.

"అప్పుడు నీకు కోపం రాలా?"

"ఏడుపొచ్చిందండీ."

"ముందు కోప్పడు. ఏడుపుదేముంది, తర్వాతైనా వస్తుంది."

చివరికి నాకు కొడుకు పుట్టాడు. "ఇంక నీకేం బాధే?" అన్నారందరూ. బిడ్డ పుడితే ఆ మాటలన్నీ కడిగినట్టు పోతాయా? వాణ్ణి ముద్దు పెట్టుకోబోయి, నా దిష్టే తగులుతుందేమోనని మొహం తిప్పుకునేదాన్ని. కన్నకొడుకును కళ్ళారా చూసుకోనివ్వలేదు ఆ మాట.

ఉయ్యాలలో వేసిన రోజున కాంతమ్మగారు వచ్చి వాణ్ణి ఎత్తుకున్నారు. ఆవిడ వాకిట్లోకి వెళ్ళీ వెళ్ళకముందే, వేడుకకని మా ఇంటికొచ్చిన అత్తగారు గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని వాడి చుట్టూ తిప్పడం మొదలుపెట్టారు. నేను చేయి పట్టుకున్నాను.

"నీకెందుకే ఉలుకు? నువ్విప్పుడు తల్లివి."

ఒళ్ళు మండిపోయింది. నేను తల్లినయ్యాను కాబట్టి ఇంకొకరిని ఏమైనా అనొచ్చన్నమాట! ఆ గుప్పిట విప్పి మిరపకాయలు లాక్కున్నాను. బిడ్డను తీసుకెళ్ళి కాంతమ్మగారి చేతుల్లో పెట్టి వచ్చి, వాటిని కణకణలాడే బొగ్గుల మీద పోశాను. ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ వాకిట్లోకి పరుగెత్తారు.

"ఘాటొచ్చిందిగా అత్తయ్యా! ఇంక ఎవరి కళ్ళ జోలికీ పోకండి," అని అరిచాను.

"నిప్పులోనే వేశావా అమ్మాయ్?" కాంతమ్మగారు దగ్గుతూనే నవ్వారు. ఆవిడ పైటకొంగు చాటునుంచి నా కొడుకు నన్నే చూస్తున్నాడు. మొహం తిప్పుకోలేదు, తనివితీరా చూశాను. అప్పుడొచ్చింది ఏడుపు.

కాంతమ్మగారూ, అత్తగారూ ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. అత్తగారిని నేను క్షమించలేదు, తల్లివయ్యావు కదా మరచిపొమ్మన్నవాళ్ళనూ క్షమించలేదు. ఇవాళ్టికీ నా కొడుకు గుమ్మంలోకి వస్తే ముందు కళ్ళనిండా చూస్తాను, తర్వాతే పలకరిస్తాను.