చేటెడు బియ్యం

గురువారం పొద్దున దీపం పెట్టి కూర్చున్నాను. వాకిట్లో ఒక పిల్ల నిలబడి, "అక్కా, వార్డెనమ్మ పోయింది. మీకు చెప్పి రమ్మన్నరు" అంది. మళ్లీ వచ్చి దేవుడి ముందు కూర్చున్నాను కానీ, ఏళ్ల తరబడి చదువుతున్న సహస్రనామం ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు.

ఆమెను ఎరగని వాళ్ల కోసం చెబుతాను. అశోక్‌నగర్‌లో ఒక సందు చివర, నిలువ నీడ లేని ఆడపిల్లలుండే ఇల్లొకటి ఉంది. పద్నాలుగేళ్ల వాళ్ల నుంచి ఇరవై దాటిన వాళ్ల దాకా ఉంటారు. దాన్ని నడిపింది ఆమె. పాలమూరు వైపు మనిషి. గేటుకు నూనె వెయ్యనిచ్చేది కాదు. ఎవరైనా వస్తే ఆ కిర్రుమనే చప్పుడు లోపలి పిల్లలకు ముందే వినపడాలనేది.

నేను మొదటిసారి ఆ గేటు తీసింది 1969లో. అవి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు. బళ్లు, కాలేజీలు మూతపడ్డాయి. గుంటూరు నుంచి వచ్చి నారాయణగూడలో కాపురముంటున్న మా నాన్నగారు, ఇక ఇక్కడ వద్దని ఆదివారం రైలుకు టిక్కెట్లు తీశారు. మా చిన్న చెల్లెలు రానంది. దానికి పదిహేడేళ్లు. "నాకు ఊహ తెలిసింది ఇక్కడే, నేనెక్కడికీ రాను" అంది. "అయితే నా ఇంట్లో ఉండకు" అన్నారాయన. ఆయన కోపం పూట కంటే ఎక్కువ నిలవదు. ఆ పూటలోనే చెల్లెలు ఇల్లు విడిచి వెళ్లిపోయింది.

అది సోమవారం. మంగళవారమంతా వెతికాను. స్నేహితుల ఇళ్లు, చిక్కడపల్లి లైబ్రరీ, ఆస్పత్రి. పిల్ల కనిపించడం లేదని పైకి అనలేం, పరువు. మా వీధి పూలమ్మి నా ముఖం చూసి, తనే ఈ ఇంటి గుర్తులు చెప్పింది.

బుధవారం వెళ్లాను. ఎవరి కోసమని ఆమె అడగలేదు. చేటలో బియ్యం పోసి తెచ్చి, "రాళ్లేరు" అంది.

"మా చెల్లెలు..."

"నేనడిగిన్నా? చెప్పకు. కూసో."

అదే ఆ ఇంటి పద్ధతి. పిల్ల కోసం ఎవరొచ్చినా సరే, వరండాలో కిటికీకి ఎదురుగా కూర్చుని బియ్యం ఏరాలి. కిటికీకి అడ్డంగా వరసగా ఉన్న చెక్క రెక్కల సందుల్లోంచి లోపలి వాళ్లు చూస్తారు. రావాలనిపించిన పిల్ల వస్తుంది. "ఉన్నదని చెప్ప, లేదని చెప్ప. ఇన్‌స్పెక్టరొచ్చినా చేటనే ఇస్త" అనేది.

ఆ రోజు ఎవరూ రాలేదు. గురువారం మళ్లీ వెళ్లి ఏరుతుంటే రోడ్డు వైపు నుంచి కేకలు, పరుగులు వినిపించాయి. ఇక ఉండబట్టలేక లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి చెల్లెల్ని పేరు పెట్టి పిలిచాను. లోపల ఏదో పడింది. పాదాలు పరుగెత్తిన చప్పుడు.

ఆమె బయటికొచ్చింది. కోప్పడలేదు. "పిలిస్తివా? ఈ పిల్లలకు పేరు వెట్టి పిలిస్తే ఎన్కనె దెబ్బ వడ్తదని ఎరుక. అందరు మంచాల కింద జొర్రిన్రు" అంది.

శుక్రవారం తల ఎత్తలేదు. గింజ గింజకూ రామా రామా అనుకుంటూ ఏరుతున్నాను. "రాముణ్ణి జర ఇడిసిపెట్టమ్మా, ఆయన గూడ పరేషాన్ల ఉన్నడు. రాళ్ల మీద చూపు పెట్టు" అంది. నాకు ఏడుపులో నవ్వొచ్చింది. పక్కన కూర్చుని అడిగింది. "దొరికితే యాడికి తోల్కవోతవ్?"

"మా ఇంటికి."

"ఏ ఇంటికి? ఆదివారం దానికి తాళం పడ్తది గద."

చేట అక్కడే పెట్టి ఇంటిదారి పట్టాను. నారాయణగూడ మలుపు తిరిగాక తట్టింది. ఆదివారం ప్రయాణం సంగతి నేను ఆమెకు చెప్పలేదు. చెల్లెలే చెప్పి ఉండాలి. అంటే అది లోపలే ఉంది. మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కూర్చుండిపోయాను.

శనివారం పొద్దున్నే నాన్నగారితో, "నేను ఊరికి రావడం లేదు. బడి తెరిస్తే నా ఉద్యోగం నాకుంది. చిక్కడపల్లిలో గది తీసుకుని దాన్ని నా దగ్గర ఉంచుకుంటాను" అన్నాను. ఆయన, "కిటికీలకు గడియలు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకో" అన్నారు.

మధ్యాహ్నానికి ఒక గది చూసుకుని, మళ్లీ చేట ముందు కూర్చున్నాను. ఈసారి ఎవరినీ పిలవలేదు. బియ్యం వైపు చూస్తూనే కాస్త గట్టిగా, "గది చూశాను. ఇద్దరికి సరిపోతుంది. ఊరికి వెళ్లక్కర్లేదు" అన్నాను. ఎంతసేపు గడిచిందో. సిరా మరకల చెయ్యి ఒకటి చేటలోకి వచ్చింది.

"అక్కా, వడ్లగింజలన్నీ వదిలేస్తున్నావు. అప్పుడే చత్వారమా?"

తర్వాత ఎన్నో ఏళ్లు శనివారాలు ఆ ఇంటికి వెళ్లాను. ఒకసారి అడిగాను, ఆ ఆదివారం మాట నోరు జారి అన్నారా, కావాలని అన్నారా అని. "యాద్లేదు బిడ్డా" అని తాళాల గుత్తి కొంగున ముడేసుకుంది.

ఈ గురువారం ఆమెను తీసుకెళ్లాక, నేనూ చెల్లెలూ వరండా కడుగుతున్నాం. గేటు కిర్రుమంది. నడివయసు మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "మా బిడ్డ..." అన్నాడు.

"చెప్పకండి. కూర్చోండి" అన్నాను. చెల్లెలు చేటలో బియ్యం పోసి తెచ్చింది. అతని వేళ్ల సందుల్లోంచి గింజలు తడి నేల మీద పడుతున్నాయి. అతను తల వంచుకుని ఏరుతున్నాడు. ఎదుటి కిటికీలో ఒక రెక్క కాస్త పైకి లేచి, అలాగే ఉండిపోయింది.