వన్ టౌన్ బీరువాలో సీరియళ్ళు

డెబ్బైల్లో విజయవాడ వన్ టౌన్‌లో ఒక చిన్న శాఖా గ్రంథాలయానికి నేను లైబ్రేరియన్‌ని. ముందు గదిలో మగవాళ్ళు పేపర్లు తిరగేస్తూ రాజకీయాలు మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళను దాటుకుని లోపలికి రావడానికి వీధిలో ఆడవాళ్ళకు మొహమాటం. కానీ నవలలు చదివేది వాళ్ళే. ఆసుపత్రిలో పనిచేసే ఒక క్రైస్తవ నర్సమ్మ మాత్రం డ్యూటీ దిగి గొడుగు ఊపుకుంటూ వచ్చి, వీధి మొత్తానికీ పుస్తకాలు పట్టుకెళ్ళేది.

పైనుంచి మాకు వచ్చే పుస్తకాల్లో నవలలు ఎప్పుడూ తక్కువే. నీతులు, జీవితచరిత్రలు, ఎరువుల వాడకం మీద పుస్తకాలు మాత్రం దండిగా వచ్చేవి. సరుకుల గోడౌన్లుండే మా వన్ టౌన్‌లో ఎరువుల పుస్తకం ఎవరికి కావాలో పంపినవాళ్ళకే తెలియాలి. అందుకని నేనే ఒక దారి వెతుక్కున్నాను. పాత వారపత్రికలను చిత్తుకాగితాల కింద తూకానికి అమ్మేయాలని రూలు. అమ్మేముందు వాటిలోని సీరియల్ పేజీలు కోసి, వారాల వరుసన పేర్చి, దబ్బనంతో కుట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో అట్టలు వేసేదాన్ని. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో చేసే పనే. నేను సర్కారు గదిలో చేశాను, అంతే. అలా ఒక బీరువా నిండింది. దాని తలుపు తీసినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

అంతలో కొత్త ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. మరో శాఖలో ఇలాంటి కుట్టు పుస్తకాలు చూసి, రూలు రూలేనని అక్కడికక్కడే కాటా పెట్టించి, లైబ్రేరియన్‌కి మెమో కూడా ఇచ్చాడట. మెమో సంగతి సరే, మళ్ళీ అన్ని వారాల కథలూ ఎక్కడినుంచి తెస్తాను?

"మాకిచ్చెయ్యండి మేడమ్. మా వీధి ఇళ్ళల్లో దాచుకుంటాం. ఆయన వెళ్ళిపోయాక తెచ్చిస్తాం," అంది నర్సమ్మ. ఆ సాయంత్రమే రిక్షాలో పెట్టి, పైన దుప్పటి కప్పి, అన్నీ తీసుకెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసరు దిగాడు. కోపిష్టి కాడు, అదే నాకు భయం. ఒక్కో అరనూ వేలితో తడుముతూ నెమ్మదిగా వచ్చి, ఖాళీ బీరువా దగ్గర ఆగాడు.

"ఇందులో ఏముండేవమ్మా?"

"నవలలండీ. పాఠకుల దగ్గర ఉన్నాయండీ."

"అన్నీనా?"

"అన్నీనండీ."

అబద్ధం కాదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, మళ్ళీ బీరువా వైపే చూశాడు. లేచి వెళ్ళవయ్యా మహానుభావా అని లోపల నేను మొక్కని దేవుడు లేడు.

పేపర్ల గదిలోని పెద్దమనుషులు ఊరుకుంటారా? నవలలు కనపడటం లేదని ఆఫీసరు లైబ్రరీ మేడమ్‌ని నిలదీస్తున్నాడని వీధంతా చాటారు. ఎందుకు దాచమన్నారో సరిగ్గా తెలియని మా ఆడవాళ్ళు అది విని, పుస్తకాలు లేక నా ఉద్యోగం పోతుందనుకున్నారు. నన్ను కాపాడటానికి బయలుదేరారు.

గుమ్మంలో గాజుల చప్పుడైంది. తలెత్తితే, ఎన్నడూ ఆ మెట్లెక్కని వాళ్ళు కొంగుల్లో, సంచుల్లో పుస్తకాలు పెట్టుకుని బారులుగా వస్తున్నారు. మగవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. "అన్నీ తెచ్చామండీ, మేడమ్‌ని ఏమీ అనకండి," అంటూ బల్ల మీద గుట్టగా పోశారు. ఆపడానికి నర్సమ్మ లేదు, డ్యూటీలో ఉంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆఫీసరు ఒకటి తీసి, తిరగేసి, కుట్టు చూశాడు. "వారపత్రికలు కోశారన్నమాట. ఇవి తూకానికి పోవాల్సినవి కదమ్మా. కాటా మనిషిని పిలిపించండి."

చివరగా వచ్చిన బట్టల దుకాణం వాళ్ళ కోడలు తన పుస్తకాన్ని అప్పుడే గుట్ట మీద పెట్టింది. వెనకే ఆమె అత్తగారు. ఆవిడంటే వీధి మొత్తానికీ హడల్. కోడలు చదవడం ఆవిడకు గిట్టదనీ, పుస్తకాలు ఆ ఇంటికి దొంగచాటుగా వెళుతున్నాయనీ నేననుకునేదాన్ని. ఆవిడ ముందుకొచ్చి ఆ పుస్తకం తీసి చంకలో పెట్టుకుంది.

"ఇది ఇచ్చేది లేదు బాబూ. నాకు అక్షరం ముక్క రాదు. మధ్యాహ్నం పూట కోడలు చదువుతుంటే వింటున్నా. కథలో ఆ పిల్లని ఇంట్లోంచి గెంటేశారు, వానలో నిలబడి ఉంది. దాని గతేమైందో తెలీకుండా ఎట్లా ఇస్తాం?"

ఆ మాట విని పక్కావిడ, "మాదీ అవలేదండీ," అని తనది తీసుకుంది. ఆ వెనక ఇంకొకావిడ, ఇంకొకావిడ. ఆఫీసరు ఖాళీ అయిన బల్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆడవాళ్ళ చేతుల్లోంచి పుస్తకం లాక్కునే రూలు ఆయన దగ్గర లేదు.

"సరే, చదవడం అయిపోయాక తెచ్చివ్వండి. అప్పుడు తూకం వేయిద్దాం," అన్నాడు.

ఆయన మాటను మా వీధి ఆడవాళ్ళు అక్షరాలా పాటించారు. నాకు బదిలీ అయ్యేవరకూ ఆ కథలు ఎవరికీ అయిపోలేదు.